దాచకుండా రాసిన ఉత్తరం

మొన్న పత్తర్‌గట్టిలో ఒక పాత కాగితాల దుకాణంలో యజమాని అలమర అడుగునుంచి కార్బన్ కాగితాల కట్ట తీసి విప్పాడు. ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే నాకు సుగుణమ్మగారు గుర్తొచ్చారు. దబీర్‌పురా స్టేషన్ వెనుక సందులో చిన్న అనాథాశ్రమం ఒకటి ఉండేది. ఆమె దాన్ని నడిపేవారు. డెబ్బైల చివర, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, నేనక్కడ టైపిస్టుగా చేరాను. సుగుణమ్మగారు ఒకప్పుడు నర్సుగా పనిచేసిన మనిషి. భర్త పోయాక ఆ పిల్లలతోనే ఉండిపోయారు. పిల్లల్ని పెంచుకుంటామని విదేశాల నుంచి దంపతులు రాసే ఉత్తరాలకు ఆమె చెప్పిన జవాబులు ఇంగ్లీషులో టైపు చేయడం నా పని.

ఆ రోజుల్లో కమల అనే ఆరేళ్ల పిల్ల మా దగ్గర ఉండేది. తల్లి జబ్బుతో పోతే పిన్ని తెచ్చి వదిలిపెట్టింది. స్వీడన్ నుంచి ఒక జంట ఐదారేళ్ల పిల్లనైనా పెంచుకుంటామని రాశారు. అంత ఈడు పిల్లను అడిగేవాళ్లు అరుదు. నేను సంబరపడ్డాను. సుగుణమ్మగారు మాత్రం ఆ ఉత్తరం పక్కన పెట్టి, నన్ను వెంటబెట్టుకుని చాంద్రాయణగుట్ట బస్సెక్కారు. అయినవాళ్లను అడగకుండా పిల్లను సముద్రాలు దాటించకూడదని ఆమె పట్టు.

పిన్ని మమ్మల్ని చూడగానే ఏడ్చింది. "నాకే నలుగురు పిల్లలు అమ్మా. వాళ్లకే కడుపునిండ పెట్టలేకపోతున్న."

"నిన్ను తప్పు పట్టనీకె రాలేదు బిడ్డా," అన్నారు సుగుణమ్మగారు. "రేపు పెద్దగైనంక, మా అమ్మ ఎవరు, ఏ ఊరు అని అడుగుతది. అప్పుడు చెప్పనీకె నీ మాట కావాలె."

పిన్ని చెప్పినవన్నీ ఆమె నోటుబుక్కులో రాసుకున్నారు. తల్లి పేరు, ఊరు, ఆమెకు బతుకమ్మ పాటలంటే ఉన్న ఇష్టం, ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కూడా.

మర్నాడు కమల గురించి నేను ఉత్తరం తయారు చేశాను. చలాకీ పిల్ల, ఎప్పుడూ నవ్వుతుంది అని రాశాను. పక్క తడుపుతుందనీ, రొట్టె ముక్కలు దిండు కింద దాస్తుందనీ, కోపమొస్తే కొరుకుతుందనీ రాయలేదు.

సుగుణమ్మగారు చదివి కళ్లజోడు తీశారు. "ఏంది సరళా, గిది ఎవరి గురించి? మన కమల గురించేనా?"

"నిజం రాస్తే వద్దంటరేమో అమ్మా."

"వద్దంటే ఈడనే అననీ. ఆడికి పోయినంక అంటే పిల్ల ఏడికి పోతది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఉత్తరం మళ్లీ టైపు చేశాను. చివర ఆమె ఇంకొన్ని మాటలు చేర్చించారు. పేరు మార్చవద్దు. మొదట్లో నేల మీదే పడుకుంటానంటే మీరూ పక్కన పడుకోండి. మా కోసం ఏడిస్తే ఏడవనివ్వండి. మీరు మేలు చేశారని ఎన్నడూ గుర్తు చేయవద్దు.

వారాలు గడిచాయి. జవాబు లేదు. కమల గేటు దగ్గర ఆడుకుంటుంటే చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. మేం రాసిన నిజం ఆ పిల్ల నోటి దగ్గరి కూడు లాగేసిందని లోపల సుగుణమ్మగారి మీద కోపం కూడా వచ్చింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆలోచించుకోవడానికి ఇన్నాళ్లు పట్టినందుకు క్షమించమన్నారు. అన్నం, నీళ్లు, భయపడకు, వీటిని తెలుగులో ఎలా అనాలని అడిగారు. ఆ ఉత్తరం పట్టుకుని నేను వంటింటిదాకా పరుగెత్తాను.

కాగితాల పనులన్నీ అయ్యాక వాళ్లు వచ్చారు. పిల్లను వెంటనే పంపకుండా పది రోజులు ఆశ్రమానికి వచ్చి వెళ్లమన్నారు సుగుణమ్మగారు. మొదటి రోజు కమల నా చీర కుచ్చిళ్లు వదల్లేదు. మూడో రోజు పెంచుకోబోయే తండ్రి చెయ్యి కొరికింది. ఆ పొడవాటి మనిషి చెయ్యి లాక్కోలేదు. నేల మీద అలాగే కూర్చుని, వచ్చీరాని తెలుగులో "బయపడకు" అన్నాడు. కమల పళ్లు వదిలి, "బయ కాదు, భయ," అని దిద్దింది.

కమల వెళ్లిన మూడు నెలలకు పెంచుకున్న తల్లి రాసింది. కమల అలిగి పళ్లెం విసిరికొట్టిందట. ఆ కోపంలోనే మొదటిసారి ఆమెను "అమ్మా" అని అరిచిందట. ఇది మంచిదో చెడ్డదో తెలియడం లేదని రాసింది. సుగుణమ్మగారు చదివి నవ్వారు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇగ ఫికర్ లేదని రాయి. పరాయోళ్ల మీద పిల్లలు గట్ల అలగరు."

ఆమె తర్వాత ఆశ్రమం నడిపే కుర్చీలో చాలా ఏళ్లు నేను కూర్చున్నాను. దూరదేశాల నుంచి వచ్చిన దంపతులు ఫోటో చూపించమని ఆత్రంగా అడిగేవారు. నేను ముందు ఆ పిల్ల భయాలు, మొండితనం, పోగొట్టుకున్న మనుషుల గురించి చెప్పేదాన్ని. కొందరు లేచి వెళ్లిపోయేవారు. మొదట్లో వెనక్కి పిలవాలని నాలుక దాకా వచ్చేది. పిలవలేదు. కూర్చున్నవాళ్లు మాత్రం కాసేపటికి కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇంకా చెప్పండి," అనేవారు. అప్పుడు ఫోటో తీసి వాళ్ల చేతిలో పెట్టేదాన్ని.