అంచున ఎర్రమచ్చ

ఉమామహేశ్వరకు ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనిపించవన్న సంగతి పన్నెండో ఏట బయటపడింది. ఎమ్మిగనూరులో వాళ్లది నేతపని. నాయన తిమ్మయ్య అన్నానికి లేచినప్పుడు వాడు మగ్గమెక్కి, చీర ఎర్రకొంగులో జానెడు మేర పచ్చనూలు నేసేశాడు. తిమ్మయ్య కొట్టలేదు. పొద్దుగూకేదాకా ఆ నూలంతా విప్పి, చివరికి కొడుకును దగ్గరికి పిలిచాడు.

"నీకు రంగులు తెలీవని యాడా చెప్పొద్దు నాయనా. పనికిరానోడంటారు."

ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు రెసిస్టర్ల మీది రంగుపట్టీలు చదవాల్సిన చోట మీటరు పెట్టి కొలిచి గట్టెక్కాడు. ఎం.టెక్ అయ్యాక కర్నూలులో ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాడు.

అక్కడ పవిత్ర పీహెచ్‌డీ చేస్తోంది. రాజంపేట అమ్మాయి, అతనికంటే మూడేళ్లు చిన్న. ఆరువందల వోల్టులు తట్టుకునే సిలికాన్ డయోడ్ తయారు చేయాలన్నది ఆమె పని. డిజైన్ ఆమెది, దాన్ని కంప్యూటరులో సిమ్యులేషన్ చేసి చూడడం ఇతనిది. డయోడ్‌ను నిలువునా కోసినట్టు తెర మీద బొమ్మ వస్తుంది. విద్యుత్ ఒత్తిడి తక్కువున్న చోట నీలం, మధ్యస్తంగా ఉంటే పచ్చ, మితిమీరితే ఎరుపు. ఎవరైనా ఒక్క చూపులో పోల్చుకునే బొమ్మ.

అతను మాత్రం కర్సర్‌ను ఒక్కో చోట ఆనించి అంకెలు చదువుకునేవాడు. బొమ్మకు అడ్డంగా గీత గీస్తే, ఆ గీత పొడవునా ఒత్తిడి ఎంతుందో పక్కన గ్రాఫు వస్తుంది. గ్రాఫుకు రంగుతో పనిలేదు. రోజుకు ముప్పై నలభై గీతలు గీసేవాడు.

"ఎంత ఓపికప్పా నీకు!" అనేవారు గైడు ప్రమీలారాణి మేడం. అతను తల వంచుకునేవాడు.

డిజైన్‌ను తయారీకి పంపాల్సిన వారంలో పవిత్ర వాళ్లమ్మకు ఆపరేషన్. ఆమె రాజంపేట వెళ్తూ, "అన్నా, చివరి బొమ్మలు నువ్వే చూసి చెప్పు" అంది. ఎప్పుడూ ఇద్దరూ కలిసి చూసేవాళ్లు. ఈసారి ఒక్కడే కూర్చున్నాడు. నడిమధ్యన గీతలు గీశాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంచు దగ్గరా గీయాలనుకున్నాడు. పంపాల్సిన గడువు ఆ మధ్యాహ్నమే. అంచంతా ఒకే రంగుగా కనబడింది. అక్కడ గీతలు గీయకుండానే, అంతా బాగుందని పవిత్రకు మెసేజీ పెట్టాడు.

ఏడు నెలల తర్వాత బెంగళూరులో తయారైన పద్దెనిమిది డయోడ్లు వచ్చాయి. ల్యాబులో ఒక్కోటీ పరీక్షకు పెట్టారు. మొదటిది రెండువందల ఎనభై వోల్టులకే కాలిపోయింది. రెండోదీ అంతే. పద్దెనిమిదిలో ఒక్కటీ నిలవలేదు. మైక్రోస్కోపులో చూస్తే కాలిన గుర్తులన్నీ అంచునే ఉన్నాయి.

ఆమె నేరుగా అతని సిస్టం దగ్గరికొచ్చి పాత ఫైలు తెరిచింది. జూమ్ చేయకముందే ఆగిపోయింది.

"ఈడ ఎర్రగా ఉండాది కదన్నా! పచ్చ నడిమిన ఇంత మచ్చ... నీకు కనపడలేదా?"

అతను తెర వైపు చూశాడు. ఆమె వేలు పెట్టిన చోట అతనికి తేడా ఏమీ కనబడలేదు. కర్సర్ అక్కడికి తీసుకెళ్లాడు. అంకె చూసి కళ్లు మూసుకున్నాడు.

"కనపడదు పవిత్రా. నాకు ఎరుపూ పచ్చా తెలీవు. పుట్టినప్పట్నుంచీ అంతే."

 ఆమె కుర్చీ వెనక్కి నెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు అతను మేడం దగ్గర తనకు రంగులు తెలీవనీ, తప్పంతా తనదేననీ రాసిచ్చాడు. చదివి ఆమె కళ్లజోడు తీసేశారు. "రంగులు మార్చుకునే మెనూ ఆ సాఫ్ట్‌వేర్లోనే ఉండాది కదయ్యా. నలుపూ తెలుపూ పెట్టుకోనింటే సరిపోయుండు. ఒక్క మాట చెప్పేకేం?"

ఆ మెనూ అతనికి ఎప్పటినుంచో తెలుసు. మారిస్తే ఎందుకని అడుగుతారని ముట్టుకోలేదు. ఆ సంగతి మేడంకు చెప్పలేకపోయాడు.

డిజైన్ సరిచేసి మళ్లీ తయారు చేయించాలంటే ఏడాది పడుతుంది. పవిత్రకు మిగిలింది నాలుగు నెలలు. గడువు పెంచమని యూనివర్సిటీకి పెట్టుకున్న అర్జీ కుదరదంటూ తిరిగొచ్చింది. అందులో అతను రాసిచ్చిన ఉత్తరం కూడా జతచేశారు, దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఐదేళ్ల పని థీసిస్ కాకుండానే ఆగిపోయింది.

ఆమె హాస్టలు ఖాళీ చేసిన రోజు అతను పుస్తకాల పెట్టె మోసుకుని బస్టాండుకు వెళ్లాడు. కడప బస్సు ఎక్కేముందు ఆమె పెట్టె అందుకుంది.

"తెలిసింటే నేనే చూసిండేదాన్ని కదన్నా. మా యమ్మ పక్కన ఆసుపత్రిలో కూచోనైనా చూసిండేదాన్ని."

 క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చినవాడు, అడగనే లేదు. బస్సు కదిలాక ఆమె కిటికీలోంచి ఇటు చూడలేదు.

ప్రాజెక్టులో అతనికింకా రెండు నెలల పని మిగిలుంది. అతను సిటీబస్సెక్కి ల్యాబుకు వెళ్లాడు.