కాదు మావయ్య, మెడ తిరిగే కంప్యూటరు

కాదు మావయ్య నోట మొదట వచ్చే మాట "కాదు". ఎదుటివాడు ఏమన్నాడన్నది తర్వాతి సంగతి. ఎండ మండిపోతోందంటే, "కాదు, ఉక్క" అంటాడు. పోనీ ఉక్కే అని ఒప్పుకుంటే, "కాదు, ఇందాకటిదాకా ఉక్క. ఇప్పుడు గాలి తిరిగింది" అంటాడు. మీరన్నదే నిజం మహానుభావా అని రెండు చేతులూ ఎత్తేసినా వదలడు. "కాదు, నువ్వు విసుగొచ్చి ఒప్పుకున్నావు. అది లెక్కలోకి రాదు" అంటాడు. పెళ్లికి ముందు పెద్దలు కూర్చోబెట్టి, "ఏరా, ఈ అమ్మాయినేనా నువ్వు చేసుకునేది?" అని అడిగితే, "కాదు" అన్నాడట. అమ్మాయి తండ్రి ముఖం మాడిపోయాక తాపీగా, "ఆ అమ్మాయే నన్ను చేసుకుంటోంది" అన్నాడట. అది మాత్రం నిజమేనని అత్త ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. ఒక కారు, ఒక బల్ల, గోడకి ట్రాఫిక్ గుర్తుల బొమ్మ. "ఎడమకి తిప్పనా సార్?" అంటే "కాదు". "కుడికా సార్?" అంటే "కాదు. ముందు అద్దం చూడు." ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు పరీక్షలో తప్పడం అరుదు. అన్నాళ్లు ఆయన పక్కన కూర్చున్నవాళ్లకి పరీక్ష పెట్టే ఆఫీసరు కన్నతల్లిలా కనిపిస్తాడు.

ఇలాంటి మనిషి నోరు మూయించగలిగింది లోకంలో ఒక్కతే, ఆయన అక్క. ఆవిడకి మార్కెట్ వీధిలో కోట్లు కుట్టే షాపుంది. రోజూ సాయంత్రం టీ వేళకి మావయ్య వచ్చి కటింగ్ బల్లకి అటు కూర్చునేవాడు. ఆవిడ ఇటు నిలబడి కత్తెర ఆపకుండానే వాదించేది. విషయం ఏదైనా ఫరవాలేదు. రోడ్డు నడిచేవాడిదా, నడిపేవాడిదా అన్న వాదన ఓసారి వానాకాలం పొడుగునా సాగింది. మిషను ముందు కూర్చుని కుట్టే ఆవిడ కూతురికి, అంటే మావయ్య మేనకోడలికి, చిన్నప్పటినుంచీ అదే రేడియో.

ఆ రేడియో ఆగిపోయింది. ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఇక రాదన్నారు డాక్టర్లు. మేనకోడలు నోట్ ప్యాడ్లు కొనిపెట్టింది. నాలుగు రోజులు రాసి ఆవిడ మానేసింది. తను అన్న మాటలు ఉండలు చుట్టుకుని చెత్తబుట్టలో పడి ఉండటం ఆవిడ చూడలేకపోయింది. ఫోన్‌లో టైపు చేద్దామంటే, ఆ లావు వేళ్లకి ఒక అక్షరం దొరికేలోపు ఎదుటివాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు. చివరికి అన్నింటికీ తల ఊపడం మొదలుపెట్టింది. కాఫీనా? సరే. టీనా? సరే. బట్టతలాయన బిగుతు వెయిస్ట్‌కోటు కావాలన్నాడు. వెనకటి రోజులైతే, "నీ పొట్టని అడిగి వచ్చావా?" అనేది. ఇప్పుడు దానికీ సరే. అది వేసుకుని ఆయన తుమ్మితే బొత్తాం ఎగిరి ఎదురింటి కిటికీకి తగిలింది.

అందరికంటే ఎక్కువ చితికిపోయింది మావయ్య. రోజూ వచ్చి కయ్యానికి కాలు దువ్వేవాడు.

"అక్కా, నడిచేవాళ్లకి రోడ్డు మీద హక్కే లేదు."

ఆవిడ తల ఊపేది. సరే.

"అక్కా, రెడీమేడ్ కోటు ముందు నీ కోటు బలాదూర్!"

దానికీ సరే. మావయ్య టీ సగం వదిలేసి వెళ్లిపోయేవాడు. 'కాదు' అనేవాడు లేకపోతే ఆయన 'కాదు'కి ఆనుకోవడానికి గోడ లేదు.

ఒకరోజు ఆవిడ కూతురి ముందు ఓ కాగితం పెట్టింది. 'షాపు ఇచ్చేద్దాం. నెలాఖరుకి ఓనరుకి చెప్పు' అని ఉంది. మేనకోడలు ఆ రాత్రి ఏడ్చింది. మర్నాడు మావయ్యకి చెబితే, ఆయన తన జీవితంలో మొదటిసారి 'కాదు' అనకుండా కారెక్కాడు. అప్పుడే ఆమెకి నిజంగా భయం వేసింది.

వారం తిరక్కుండా మావయ్య షాపు ముందు హారను కొట్టాడు.

"ఎక్కు. మా స్కూలుకి కంప్యూటరు కొనాలి. కూడళ్లు గీసి చూపించాలి పిల్లలకి."

"ఇక్కడ షాపే మూతపడుతుంటే నీకు కంప్యూటరు గొడవేంటి మావయ్యా? నాకు వాటి గురించి ఏం తెలుసని?"

"కాదు. తెలియనివాళ్లే పక్కన ఉండాలి. తెలిసినవాళ్లు అడ్డొస్తారు."

పాత కంప్యూటర్ల షాపు సందు చివర, పైకప్పు నుంచి వైర్లు వేలాడుతూ ఉంది. షాపాయన ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. ఇటుకంత మందం. తెర మధ్యలో ఒకే ఒక మెడ మీద నిలబడుతుంది. ఆ మెడ పట్టుకుని తిప్పితే తెర గిర్రున ఎదుటివాడి వైపు తిరుగుతుంది. వెనక్కి మడిస్తే పలక. పక్కన బొరియలో రాయడానికో పెన్ను.

"చాలా పాతదండీ. సన్నవి, తేలికవి ఉన్నాయి, చూడండి" అన్నాడు షాపాయన.

"కాదు. ఇదే కావాలి."

"బ్యాటరీ చచ్చిపోయిందండీ. వైరు ఉంటేనే నడుస్తుంది."

"కాదు, అది మంచిదే. వైరు ఉంటే ఎవడూ ఎత్తుకుపోడు."

"తెరుచుకోవడానికి టైం పడుతుందండీ."

"కాదు, ఆలోచిస్తోంది. మాట్లాడేముందు ఆలోచించేవాళ్లు ఎంతమంది ఉన్నారీ రోజుల్లో?"

"ఈ మూల గీత పడిందండీ."

"కాదు, పుట్టుమచ్చ."

అమ్మేవాడు తిడుతున్నాడు, కొనేవాడు వెనకేసుకొస్తున్నాడు. మేనకోడలు మావయ్య మోచెయ్యి గిల్లింది. లాభం లేకపోయింది. ఈ షాపాయన మావయ్య గుట్టు కనిపెట్టి ఆడిస్తున్నాడనుకుని ఆమె దారంతా మూతి ముడుచుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం మావయ్య ఆ ఇటుకని చంకన పెట్టుకుని తిన్నగా టైలరింగ్ షాపుకే వచ్చాడు.

"మీ స్కూల్లో పెట్టుకోవా?" అంది మేనకోడలు.

"కాదు. అక్కడ ప్లగ్గు ఖాళీ లేదు."

కటింగ్ బల్ల మీద గుడ్డ పక్కకి నెట్టి, వైరు పెట్టి, తెరని పలకలా పరిచి గీయడం మొదలుపెట్టాడు. మొదట కూడలి గీశాడు, అది దువ్వెనలా వచ్చింది. తర్వాత కోటు గీశాడు. చంక కోతని నడుము దాకా దింపేశాడు. చేతులు తుంటి దగ్గర మొలిచాయి. దాన్ని నిలబెట్టి, మెడ తిప్పి, తెరని అక్క ముఖానికి ఎదురుగా పెట్టాడు.

"చూడక్కా. కోటంటే ఇది. చంక ఇంత దించి కత్తిరిస్తే చెయ్యి ఎంత సుఖంగా లేస్తుందో! ఇన్నేళ్లూ నువ్వు పైకి కత్తిరించి జనాన్ని చంపావు."

ఆవిడ కత్తెర ఆగింది. ఒకసారి తెర వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూసింది. తల ఊపబోయింది. సగం ఊపింది కూడా. కానీ చంక కోత అలా నడుము దగ్గర వేలాడుతుంటే ఆవిడ కళ్లు దాన్ని వదల్లేదు. ఒంట్లో ప్రాణముండగా ఆ కోటుని అలా వదిలెయ్యడం ఆవిడ వల్ల కాలేదు.

పెన్ను లాక్కుంది, సుద్దముక్క పట్టుకున్నట్టే బొటనవేలు పైన వేసి. ఆ చంకని అడ్డంగా కొట్టేసింది. తెరంతా నిండేలా రెండక్షరాలు రాసి మెడ పట్టుకుని ఎంత విసురుగా తిప్పిందంటే, తెర అంచు తగిలి మావయ్య టీ గ్లాసు దొర్లిపోయింది.

'కాదు.'

మిషను ఆగిపోయింది. మేనకోడలు దారం పట్టుకుని అలాగే ఉండిపోయింది. మావయ్య టీ కారుతున్న ప్యాంటుతో ఆ తెర వంక చూశాడు.

"కాదు" అన్నాడు, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "నువ్వే పొరబడుతున్నావక్కా."

ఇక చూడాలి. ఆవిడ రాస్తుంది, తిప్పుతుంది. ఆయన అరుస్తాడు. ఆవిడ చెరిపి మళ్లీ రాస్తుంది. 'చంక దించితే లేచేది చెయ్యి కాదు, కోటంతా! నా దగ్గర టేపు పట్టుకుని నేర్చుకున్నది ఇదేనా?' అని రాసి తిప్పింది. సరిగ్గా అప్పుడే మావయ్య కాలు వైరుకి తగిలింది. తెర నల్లబడింది.

"అయ్యో, ఊడిపోయిందే!" అన్నాడు పాలబుగ్గల పసివాడిలా.

ఆవిడ వైరు పెట్టి, అది తెరుచుకునేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అదే మాట ఇంకా పెద్ద అక్షరాలతో రాసింది. చెత్తబుట్టలో ఒక్క ఉండ కూడా పడలేదు. ఆ రోజు షాపు ఆలస్యంగా మూశారు.

తర్వాత రోజూ అదే తంతు. మావయ్య ఓడిపోయినప్పుడల్లా ఆ వైరు ఊడేది. బట్టతలాయన వెయిస్ట్‌కోటు పట్టుకుని మళ్లీ వస్తే, ఆవిడ ఆయన బొమ్మ గీసి, బొత్తాలన్నీ పిట్టల్లా ఎగురుతున్నట్టు వేసి, తెర ఆయన వైపు తిప్పింది. ఆయన నవ్వు ఆపుకోలేక, "హమ్మయ్య, మళ్లీ తిట్టారు! రెండు కోట్లకి కొలతలు తీసుకోండి" అన్నాడు. నెలాఖరు వచ్చి వెళ్లిపోయింది. ఓనరుతో ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ రాతకి పెన్ను మొన అరిగిపోయింది. కొత్తది కొందామని మేనకోడలు సందు చివరి షాపుకి వెళ్లింది.

"అప్పుడే అరిగిందా? మావయ్యగారి అక్కగారు బాగా తిడుతున్నారన్నమాట!" అన్నాడు షాపాయన.

"మీకెలా తెలుసండీ?"

"మిమ్మల్ని తీసుకొచ్చేముందు రోజూ వచ్చేవారమ్మా. ఉన్నవన్నీ తీయించారు. 'పలకలా పడుండేది వద్దు, మా అక్క రాసింది ఎదుటివాడి మొహాన కొట్టినట్టు తిరగాలి' అనేవారు. ఆ పాతది వద్దని నేను మొత్తుకుంటే వింటేనా! పైగా గంటలతరబడి ఆ కోటు బొమ్మ. మొదట చక్కగా గీసేవారు, కుట్టేవాడు గీసినట్టే ఉండేది. తర్వాత ఆ చంక చెడగొట్టడం నేర్చుకోవడానికి నానా అవస్థా పడ్డారు. 'ఇంకా బాగానే ఉంది, మా అక్కకి కోపం రాదు' అని చెరిపేసేవారు."

మేనకోడలు ఆ సాయంత్రం మిషను దగ్గర్నుంచి లేచొచ్చి బల్ల పక్కన నిలబడింది.

"మావయ్యా, ఆ చంక తప్పని నీకు ముందే తెలుసు కదూ?"

"కాదు."

"ఆ కంప్యూటరు మీ స్కూలుకి కాదు. అమ్మ కోసమే కొన్నావు."

"కాదు. రేపు తీసుకెళ్లిపోతా."

"నువ్వు చాలా మంచివాడివి మావయ్యా."

"కాదు! పిచ్చివాగుడు ఆపి కుట్టుకో."

బల్లకి అటువైపు పెన్ను కదిలింది. ఆవిడ ఈసారి తెరని మెల్లగా తిప్పింది. ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకే మాట.

'అవును.'

మావయ్య ఆ మాటని చదివాడు. అక్క వైపు చూశాడు. తర్వాత బల్ల కింద ఆయన కాలు కదిలింది, వైరు ఊడిపోయింది.