గోడ వైపు తిప్పిన బోర్డు

నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానంలో అడుగు పెట్టగానే నన్ను ముందుగా పట్టుకునేది తడిసిన దుమ్ము వాసన. సాయంత్రం జనం రాకముందు నీళ్లు చల్లుతారు. ఆ వాసనలో మిర్చి బజ్జీల నూనె వాసన కలిసి, పైన మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు వినిపిస్తుంటే, రూతు మేడం నా పక్కనే నిలబడి ఉన్నట్టుంటుంది. ఈ జనవరిలోనూ అంతే. నా భార్య సరోజ గాజుల దుకాణం దగ్గర బేరంలో ఉంది. నేను పక్కకు జరిగి, ఒకప్పుడు మా స్టాలు ఉన్న చోటు వైపు చూశాను. అక్కడిప్పుడు దుప్పట్లు అమ్ముతున్నారు.

మన తొలి ప్రధాని జీవితాన్ని ఫొటోల్లో చూపించే స్టాలు అది. గన్‌ఫౌండ్రీలో చిన్న ఆఫీసున్న ఒక ట్రస్టు దాన్ని నడిపేది. చెక్క ఫ్రేములకు బిగించిన పెద్ద బోర్డులు వరసగా ఉండేవి. బాల్యం, విదేశీ చదువు, జైళ్లు, జైలు నుంచి కూతురికి రాసిన ఉత్తరాలు, స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి, ఆనకట్టలు, సరిహద్దు యుద్ధం, చివరి రోజులు. జనాన్ని ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు నడిపిస్తూ కథ చెప్పడం మా పని. రూతు మేడం మెదక్‌లో మిషన్ బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. తెల్ల చీర, చేతిలో సన్నటి బెత్తం. ఆదివారాలు అబిడ్స్‌లో చర్చి ముగించుకుని నేరుగా స్టాలుకు వచ్చేవారు. నేను డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న కుర్రాణ్ణి. నుమాయిష్ ముగిశాక ఆ బోర్డులు జిల్లాలు తిరుగుతాయి. వాటి వెంట వెళ్లేవాడికి ఉద్యోగం ఖాయం. ఎవరు వెళ్లాలో తేల్చేది మేడమే. సరోజతో నా పెళ్లి ఆ ఉద్యోగం కోసమే ఆగి ఉంది.

అందుకని రెచ్చిపోయి చెప్పేవాణ్ణి. జైలు బోర్డు దగ్గర లేని ఆకలి కల్పించాను, ఉత్తరాల దగ్గర గొంతు వణికించాను. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. నాకది గర్వంగా ఉండేది. ఒకరోజు మేడం నన్ను మొజంజాహీ మార్కెట్ దాకా నడిపించి ఐస్‌క్రీం ఇప్పించారు.

"ప్రసాదూ, జైల్లో ఆయన తిండి లేక పడుకున్నడని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు మేడం. జనం కరిగిపోతున్నారు కదా అని..."

"ఏడిపించనీకి సినిమాలున్నయి కదా." అని చెంచా నాకారు. "ఆయన్ని నువ్వెంత పెద్దగ చేస్తే, ముందల నిలబడ్డోళ్లు గంత చిన్నగయితరు. మన దగ్గరికొచ్చినోళ్లు గట్ల చిన్నగయి పోవద్దు."

నేను తలూపాను. ఊపినంత సులువుగా మరిచిపోయాను కూడా.

యుద్ధం బోర్డు దగ్గర మేడం బెత్తం కిందికి దించేవారు. "ఈ లడాయిల మనం ఓడిపోయినం. పక్క దేశాన్ని ఆయన నమ్మింది తప్పయింది. జర సేపు చూడండ్రి" అని పక్కకు తప్పుకునేవారు. అక్కడ గుంపు చల్లబడిపోవడం నాకు నచ్చేది కాదు. ట్రస్టు పెద్దలు చూడడానికి వస్తారన్న రోజు, మేడం రాకముందే, ఆ బోర్డును గోడ వైపు తిప్పేశాను.

పెద్దలు వచ్చారు. నా కథ బ్రహ్మాండంగా సాగింది. చివరి ఫొటో దగ్గర, చూడవచ్చిన జనంలో ఒకావిడ ఆగిపోయింది. మాట తీరు మా కోస్తా వైపుది.

"ఏవండీ, ఇందాక ఆనకట్ట ఫొటోలో ఈయన నిటారుగా ఉన్నారు కదా. ఇక్కడేంటి, ఇలా వంగిపోయారు?"

"వయసండీ" అన్నాను.

"ఇంత తొందరగానా? మా మామగారూ ఇట్టాగే ఒక్కసారిగా అయిపోయారు. ఏదో దెబ్బ తగిలి ఉంటుంది."

"పదవే, బజ్జీలు చల్లారిపోతున్నాయి" అన్నాడు ఆమె భర్త.

"ఉండండి మీరు. మీ బజ్జీలెక్కడికీ పోవు."

అప్పటికే వెనక వచ్చి నిలబడిన మేడం బెత్తం బల్ల మీద పెట్టి, గోడ దగ్గరికి వెళ్లారు. "ప్రసాదూ, ఆ పక్క పట్టు" అన్నారు. ఇద్దరం కలిసి బోర్డు తిప్పాం. "దెబ్బ తాకిందమ్మా. గిదే" అని మాత్రం చెప్పారు. ఆవిడ ఆ బోర్డు చాలాసేపు చూసి, మళ్లీ చివరి ఫొటో దగ్గరికి వచ్చి "పాపం" అంది. నేను రాబట్టిన కన్నీళ్లలో అలాంటిది ఒక్కటీ లేదు. సొంత ఇంటి మనిషిని అన్నట్టు అంది. పెద్దల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

స్టాలు మూసేటప్పుడు మేడం ముందు నిలబడ్డాను. "తప్పయింది మేడం. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను."

"ఉద్యోగం నీదే, ఫికర్ చెయ్యకు. గొంతు మంచిగుంది నీది. కానీ ఊరూరా మిగిలిన బోర్డులు హమాలీలు దించుతరు. ఈ ఒక్కటి నువ్వే దించాలె, నువ్వే నిలబెట్టాలె."

"నేనెందుకు మేడం?"

"తిప్పనీకి బలమున్నది కదా. మోయనీకి గూడ ఉంటది."

మోశాను. ఫ్రేము అంచులు వేళ్లను కోసేవి. అయినా పాఠం చేతులకే అంటింది, మనసుకు అంటడానికి చాలా కాలం పట్టింది. పెళ్లయ్యాక తాగుడు అలవాటు చేసుకున్నాను. ఇంటికొచ్చి అరిచేవాణ్ణి. సరోజ పసిబిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తర్వాత తాగుడు మానేశాను, వాళ్లను తిరిగి తెచ్చుకున్నాను. కానీ ఆ కాలాన్ని ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం, పెద్దదైన మా అమ్మాయి ఆల్బమ్ తిరగేస్తూ అడిగింది. "నాన్నా, ఇందులో నేను ఉయ్యాల్లో ఉన్నాను, ఇందులో పరుగెత్తుతున్నాను. మధ్యలో నువ్వెక్కడా లేవేంటి?"

ఊళ్లు తిరిగే ఉద్యోగం కదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే స్టాల్లో నేనన్న ఆ "వయసండీ" గుర్తొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మరి అమ్మ మళ్లీ ఎలా వచ్చింది?"

లోపలి నుంచి సరోజే జవాబిచ్చింది. "మీ నాన్న రోజూ వచ్చి తాతయ్య గుమ్మంలో కూర్చునేవారు. తాతయ్యను పేపరు కూడా చదువుకోనివ్వలేదు. ఆ బాధ పడలేక తాతయ్యే నన్ను పంపించారు."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు మేడం వినలేదు. అప్పటికే ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు సరోజ గాజుల పొట్లంతో వచ్చి, దుప్పట్ల స్టాలు వైపు నడిచింది. కుర్రాడు దుప్పటి విప్పి, పూల అంచు కనబడేలా పట్టుకుని తెగ పొగుడుతున్నాడు.

"బాగుంది బాబూ. వెనక్కి తిప్పు, అటు వైపు కూడా చూద్దాం" అన్నాను.

సరోజ నా వైపు చూసి, "వచ్చేశారు రూతు మేడం" అంది.

కుర్రాడు తిప్పాడు. ఒక మూల కుట్టు వదిలి ఉంది. దాన్నే కొన్నాం.