బెల్లం తిండి కాదనుకున్నాను

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. డ్యూటీ అయిపోయి గనిలోంచి పైకి నడిచి వస్తున్నాను. గోదావరిఖనిలో నేను పనిచేసే గనికి ఏటవాలు దారి ఉంటుంది. దిగేటప్పుడు ఎవరైనా దిగుతారు, ఎక్కేటప్పుడే మనిషి సంగతి తెలిసిపోతుంది. సగం దారిలో ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చున్నాను. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాను. నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్ళ సీసా ఎప్పుడో ఖాళీ అయింది. వెనక వస్తున్న ఫిల్లర్లు నన్ను చూసి ఆగారు.

"ఏంది రాజన్నా, నిన్ను పైకి గుంజాలంటే గూడ హాలేజే కావాలె గావచ్చు" అన్నాడు ఒకడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. హాలేజీ అంటే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను. దాన్ని నడిపేది నేనే. అంతకుముందు చాలా ఏళ్ళు నేనూ వాళ్ళలాగే ఫిల్లర్‌ను. తట్ట, చెమ్మస్ అనే పెద్ద పార పట్టి బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాణ్ణి. ఆ పని చేసేవాడికి తిండి ఎంత పెట్టినా అరిగిపోతుంది. మోకాలికి దెబ్బ తగిలాక నన్ను హాలేజీ మీద కూర్చోబెట్టారు. పని మారింది గానీ సద్ది మారలేదు. అదే పెద్ద గిన్నె, అదే అన్నం, డ్యూటీ దిగాక అదే కల్లు. రెండేళ్ళు తిరిగేసరికి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. కుదురుకున్నావని అందరూ మెచ్చుకుంటుంటే నేను కూడా మురిసిపోయాను.

ఏదో తేడా ఉందని మొదట కనిపెట్టింది నా భార్య లచ్చమ్మ. క్వార్టర్ వెనక పెరట్లో ఒక బండరాయి ఉంది. రాత్రిళ్ళు నేను అక్కడికే మూత్రానికి వెళ్ళేవాణ్ణి.

"ఆ రాయి మీద చీమలు బారులు కడ్తున్నయ్. మా మేనమామకు గూడ గిట్లనే అయింది. ఊకె నీళ్ళు తాగుతున్నవ్, ఊకె లేస్తున్నవ్. దవాఖానకు పోదాం పా" అంది.

కంపెనీ దవాఖానలో డాక్టరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు గానీ మాట్లాడినప్పుడు మన కళ్ళలోకి చూసి చెప్పేవాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి మంట మీద కాచారు. నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. డాక్టరు దాన్ని ఎత్తి నాకు చూపించాడు.

"ఇది యూరిన్ షుగర్, రాజయ్యా. ఫోర్ ప్లస్. నీకు డయాబెటిస్ ఉంది. బ్లడ్ ప్రెషర్ కూడా ఎక్కువే. టాబ్లెట్లు రాస్తాను గానీ ముందు వెయిట్ తగ్గాలి. చక్కెర మానెయ్. అన్నం సగం చెయ్. కల్లు జోలికి పోకు. రోజూ పొద్దున్నే నడువు. నెలకోసారి వచ్చి ఈ టెస్ట్ చేయించుకో. ఇది పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు."

ఇంటికి వస్తూ భయపడ్డాను. కాళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళ గురించి విని ఉన్నాను. నడవలేని మనిషికి గనిలో పని ఏముంటుంది? ఈ రోగాన్ని ఎట్లాగైనా ఓడించాలని ఆ సాయంత్రమే గట్టిగా అనుకున్నాను.

అనుకోవడం సులువే. పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పాడు గానీ, గని మనిషికి పొద్దున అనేది ఎక్కడుంది? ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రెండో షిఫ్టు వారంలో కోడి కూయగానే లేచి బాగానే నడిచాను. రాత్రి షిఫ్టు రాగానే, పొద్దున ఇంటికి వచ్చి పడుకున్నవాణ్ణి మధ్యాహ్నం దాకా లేవలేదు. నడక పోయింది. నడక పోయిందన్న దిగులుతో తిండి కూడా మళ్ళీ మొదటికి వచ్చింది. ఇట్లా రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు వదిలేశాను. నావల్ల కాదులే అని చేతులెత్తేశాను.

లచ్చమ్మ వదల్లేదు. "గడియారం సూసుకుంట నడుద్దామంటే నీతోని కాదు. ఏ షిఫ్టయినా డ్యూటీ దిగంగనే లైటు అప్పజెప్తవు గదా. లైటు ఇచ్చినంక కంపెనీ లారీ ఎక్కకు, ఇంటికి నడిచి రా. అంతే" అంది.

గనిలోకి దిగే ప్రతివాడూ తలకు పెట్టుకునే లైటు ల్యాంపురూంలో తీసుకుంటాడు, పైకి రాగానే అక్కడే అప్పజెపుతాడు. అది మరిచిపోయే పని కాదు. నడకను దానికి ముడివేసేసరికి నాకు దారి దొరికింది. మా బావ ఓదెలు, లచ్చమ్మ అన్న, అదే గనిలో ఫిల్లర్. మొదట్లో "నీ నడక పాడుగాను, లారీ పోతుంది బావా" అని సణిగేవాడు. తర్వాత అతనూ తోడు వచ్చాడు. ఇద్దరం గని నుంచి కాలనీ దాకా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళం. లచ్చమ్మ నా సద్దిగిన్నె మార్చి చిన్నది ఇచ్చింది. సగం అన్నం, సగం కూర. కల్లు మానేశాను. చాయ్‌లో చక్కెర మానేశాను. పెళ్ళిళ్ళకు పోతే లడ్డూ విస్తట్లోనే వదిలేసేవాణ్ణి. అంత కచ్చితంగా ఉన్నాను.

బెల్లం మాత్రం మానలేదు.

గని తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. షిఫ్టు అయ్యేసరికి గొంతు నిండా బొగ్గు దుమ్ము ఉంటుంది. బెల్లం ముక్క చప్పరిస్తే దుమ్ము లోపల నిలవదని మా నమ్మకం. నేను పనిలో చేరిన రోజున నా చేతిలో మొదటి ముక్క పెట్టింది ఓదెలు బావే. అందరి జేబుల్లోనూ ఉండేది. మా లెక్కలో అది తీపి కాదు, తిండి అంతకంటే కాదు, మందు. చక్కెర మానెయ్ అన్నప్పుడు నా మనసు బెల్లం వైపు పోనేలేదు. పైగా అన్నం తగ్గాక నడకలో ఆకలి వేసేది. అప్పుడు బావ జేబులోంచి ఒకటి, నా జేబులోంచి ఒకటి. ఇంత దూరం నడిచాం కదా అని మాకు మేమే ఇచ్చుకునే బహుమతిలా ఉండేది. నాలుక మీద అది కరుగుతుంటే ఇంటిదారి తెలిసేది కాదు.

స్టోర్‌లో బోల్టులు, తాళ్ళు తూచే పెద్ద కాంట ఉంది. నెలకోసారి దాని మీద నిలబడేవాణ్ణి. ముల్లు దిగింది. తర్వాతి నెల మరికాస్త దిగింది. బెల్టుకు కొత్త బొక్కలు కొట్టించుకున్నాను. ఏటవాలు దారిని ఆగకుండా ఎక్కిన రోజు, నన్ను ఎగతాళి చేసిన కుర్రాళ్ళకంటే ముందు పైకి వచ్చి వాళ్ళకోసం నిలబడ్డాను. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని ఇప్పటికీ కాదనలేను.

ఆ సంతోషంలోనే టెస్టుకు పోవడం మానేశాను. మొదటి రెండుసార్లు గొట్టంలో రంగు కొంచెం తేలికపడింది. ఆ తర్వాత ఎందుకులే అనిపించింది. కాంట చెబుతూనే ఉంది కదా.

ఏడాది దాటింది. ముల్లు దిగుతూనే ఉంది. నేను నడక పెంచలేదు, తిండి ఇంకా తగ్గించలేదు, అయినా దిగుతోంది. అలవాటు ఒంటబట్టింది, ఇక దాని పని అదే చేసుకుపోతోందనుకున్నాను. దవడలు లోపలికి పోయాయి. కాలనీలో నాకు టీబీ అని గుసగుసలు మొదలయ్యాయి. మా అవ్వ ఊరి నుంచి వచ్చి గడపలోనే కూలబడింది.

"ఏమే లచ్చవ్వా, నా కొడుక్కు బుక్కెడు బువ్వ పెడ్తలేవా? పుల్లలెక్క అయిండు" అని ఏడ్చింది.

"పెడ్తె తింటడా అత్తా? కాంట ముల్లే ఆయనకు దేవుడైంది" అంది లచ్చమ్మ.

నాకు నవ్వొచ్చింది. లావుగా ఉంటే ఆరోగ్యమనుకునే మనుషులు వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను. ఆ వేసవిలో మళ్ళీ దాహం మొదలైంది. నడక కదా, ఎండ కదా అనుకున్నాను. పాదాల్లో తిమ్మిరి వచ్చేది. బూట్లు బిగుతని సర్దిచెప్పుకున్నాను. ఒక పొద్దున లచ్చమ్మ పెరట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"చీమలు మల్ల వచ్చినయ్."

"ఎండకాలం చీమలు రాక ఏమొస్తయ్?" అన్నాను.

"పోయిన ఎండకాలం రాలేదు. ఒక్కసారి దవాఖానకు పోయొద్దాం. నీ కాళ్ళు మొక్కుత."

"ఇంత సన్నగ అయినంక రోగం ఎక్కడుంటదే? నువ్వు గూడ వాళ్ళలెక్కనే మాట్లాడుతున్నవ్" అని కసురుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను. ఈ ఒక్క మాటను వెనక్కి తీసుకోగలిగితే నా జీవితంలో ఇంకేమీ మార్చమని అడగను.

కొన్ని వారాల తర్వాత నడిచి ఇంటికి వచ్చి బూట్లు విప్పాను. లోపలికి నడిచాను. గచ్చు మీద నా అడుగుల వెంట ఎర్రటి మరకలు. లచ్చమ్మ నన్ను కూర్చోబెట్టి కాలు ఎత్తి చూసింది. బూటులో చిన్న మేకు లేచి బొటనవేలి కింద గుచ్చుకుంది. దాని మీద అంత దూరం నడిచి వచ్చాను, నాకు తెలియనే లేదు. పసుపు పెట్టి కట్టు కట్టాం. మానలేదు. వేలు నల్లబడుతుంటే అప్పుడు వెళ్ళాను దవాఖానకు.

అదే డాక్టరు. నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. తర్వాత కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"నొప్పి తెలియట్లేదంటే నరాలు దెబ్బతిన్నాయి. ఇది గ్యాంగ్రీన్. ఏం తింటున్నావు, మొత్తం చెప్పు."

గర్వంగానే చెప్పాను. సగం అన్నం, చక్కెర లేని చాయ్, కల్లు బంద్, టాబ్లెట్లు వేళకు. టెస్టు చేస్తే గొట్టంలో మళ్ళీ ఇటుక రంగే. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అప్పటికప్పుడే నన్ను దవాఖానలో చేర్చుకున్నారు, నర్సు బట్టలు మార్చుకోమంది. చొక్కా మడుస్తుంటే జేబులోంచి కాగితం పొట్లం పడింది. డాక్టరు దాన్ని తీసి విప్పాడు.

"ఇదేంటి?"

"బెల్లం సార్. దుమ్ముకు."

ఆయన ఆ ముక్కను పక్కన బల్ల మీద పెట్టాడు. "చక్కెర మానెయ్యమన్నాను. నేనూ దీని గురించి అడగలేదు" అన్నాడు. తర్వాత నా మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "మొదట్లో వెయిట్ తగ్గించింది నువ్వే రాజయ్యా. ఆ తర్వాత తగ్గించింది షుగర్. అది అదుపు తప్పితే ఒంటిని కరిగించేస్తుంది. నెలనెలా వచ్చి ఉంటే మనకు అప్పుడే తెలిసేది."

మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. బెల్టుకు కొట్టించిన ఆ బొక్కల్లో ఏవి నావో, ఏవి రోగానివో లెక్క తేలలేదు.

మొదట రెండు వేళ్ళు తీశారు. పుండు మానలేదు. ఇంకోసారి ఆంప్యుటేషన్ అన్నారు, ఈసారి సగం పాదం. ఇన్సులిన్ మొదలుపెట్టారు. గాజు సిరంజి మరిగించి సూది వేయడం లచ్చమ్మ దవాఖానలోనే నేర్చుకుంది. నేను మాత్రం మంచంలో మొండికేశాను. నడవలేనివాడు ఎంత తింటే ఏమిటని, ఎవరో తెచ్చిన మిఠాయి ఆమె ముందే నోట్లో వేసుకున్నాను. ఆమె సూదిలోకి మందు ఎక్కించి, ఎప్పటిలాగే నా చొక్కా చేయి పైకి మడిచింది. మిఠాయి ఉమ్మేశాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఇప్పుడు ల్యాంపురూంలో పని. బూటు ముందు సగంలో గుడ్డ కుక్కుకుని కుంటుతూ తిరుగుతాను. దూరం నడవలేను. నెలనెలా టెస్టుకు పోతాను, గొట్టంలో రంగు ఆకుపచ్చ దాటడం లేదు, అంటే షుగర్ అదుపులోనే ఉంది. ఓదెలు బావ కూడా టెస్టు చేయించుకున్నాడు. అతనికి షుగర్ లేదు, అయినా బెల్లం మానేశాడు. షిఫ్టు దిగి కిటికీలోంచి నా చేతికి లైటు ఇచ్చి, "పోతున్న బావా" అని చెప్పి నడక మొదలుపెడతాడు. మలుపు తిరిగేదాకా అతన్ని చూస్తాను. ఆ నడక నేను మొదలుపెట్టిందే. ఇప్పుడు నేను లారీ ఎక్కుతాను.

బరువు తగ్గాలని చూస్తున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. కాంట మాట ఒక్కటే నమ్మకండి. బరువు తగ్గుతున్నా సరే నెలనెలా టెస్టుకు వెళ్ళండి, వెళ్ళినప్పుడు మీరు తిండి అనుకోనిది కూడా, నోట్లో వేసుకునే ప్రతిదీ, డాక్టరుకు చెప్పండి.

లచ్చమ్మ ఇప్పటికీ రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఆ రాయి దగ్గర వంగి చూస్తుంది. లోపలికి వచ్చి చక్కెర లేని చాయ్ నా ముందు పెట్టి, "చీమలు లేవు" అంటుంది. నేను ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని గానీ చాయ్ తాగను.