రెండో సొరబుర్ర

కొందరికి నశ్యం అలవాటు, కొందరికి పేకాట. తాటిలంక కరణం పాండురంగారావు గారికి భయం అలవాటు. పొద్దున్నే ఏదో ఒకదానికి భయపడితే గాని ఆయనకు కాఫీ దిగేది కాదు. మబ్బు పడితే గాలివాన అని భయం. మబ్బు లేకపోతే, "ఆకాశం ఇంత నిమ్మళంగా ఉందంటే ఏదో దాస్తోందే భ్రమరాంబా!" అని భార్యతో అనేవారు. ఉత్తరం వస్తే చావుకబురేమోనని భయం, రాకపోతే రాసేవాడే పోయాడేమోనని భయం.

తాటిలంక కృష్ణ పాయ మధ్యలో ఉంది. అవనిగడ్డ వెళ్ళాలన్నా బందరు వెళ్ళాలన్నా ముందు పడవెక్కాలి. పిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు కట్టుకునే ఎండు సొరబుర్రలు ఉంటాయి చూడండి, అవి రెండు నడుముకు కట్టుకుని కరణంగారు పడవెక్కేవారు. మనిషా, తమలపాకు ఈనెంత ఉంటారు. ఒక్క బుర్ర చాలు, ఆయనా ఆయన గొడుగూ కలిసి సముద్రందాకా తేలిపోతారు.

"రెండోది దేనికండీ కరణంగారూ?" అని పడవ వెంకటస్వామి అడిగేవాడు.

"మొదటిది పగిలితేనో?"

"రెండూ పగిలితేనో?"

వాడు సరదాకే అన్నాడు. ఆ మాటకు ఆయన మూడు వారాలు ఊరు దాటలేదు. బందరు బస్సులో కూడా బుర్రలు విప్పేవారు కాదు. బస్సు కాలవ గట్టు మీదే కదా పోయేది!

ఊరంతా నవ్వేది. కూలి చేసుకు బతికే మాణిక్యమ్మ కూడా పమిట చెంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వేది. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ కార్తీకంలో గాలివాన వచ్చి, ఒక పగలూ ఒక రాత్రీ లంకను పట్టుకుని ఊపేసింది. మాణిక్యమ్మ పాక కప్పు ఆమె కళ్ళముందే లేచిపోయింది. ముసలి అత్తను బడిదాకా ఈడ్చుకుపోయి ప్రాణం దక్కించుకుంది. ఆ తర్వాత తాటాకు గలగలమంటే చాలు, ఆమె అత్త చెయ్యి పట్టుకుని బడివైపు పరుగు తీయబోయేది. కరణంగారిని చూసి నవ్వడం మానేసింది. పాపం, ఆయన ముప్పై ఏళ్ళుగా ఇలాగే బతుకుతున్నాడు కాబోలు అనుకుంది.

ఇళ్ళు పోయినవాళ్ళకు సర్కారు ఇంటికి యాభై రూపాయలు ఇచ్చింది. బడి అరుగు మీద నోట్లు పంచారు. మాణిక్యమ్మ తన జన్మలో అన్ని నోట్లు ఒక్కసారి పట్టుకోలేదు. ఎదురుగా చూస్తే ఏముంది? వడ్డీ వ్యాపారి మల్లికార్జునరావు ప్రోనోట్ల మూట ఒళ్ళో పెట్టుకుని, పీటలమీద పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. అతని పక్కన సారా దుకాణం వాడు. ఇద్దరూ ఆమె చేతివంకే చూస్తున్నారు.

అప్పుడు కరణంగారు లేచి ఆర్డరు కాగితం విప్పారు. కాగితం గడగడ వణికింది. ఆయన గొంతు అంతకంటే వణికింది.

"అందరూ వినండి! ఈ సొమ్ము ఇంటికోసం ఇచ్చింది. ఇల్లు తప్ప ఇంకోదానికి వాడితే వాడినవాళ్ళకి జైలు! పాతబాకీ కింద జమకట్టుకుంటే పుచ్చుకున్నవాళ్ళకి జైలు! సారా పోసి పుచ్చుకుంటే రెండింతలు జైలు!"

"జైలేమిటండీ కరణంగారూ! నా బాకీ నాకు రావద్దూ?" అన్నాడు మల్లికార్జునరావు.

"ఏమోనండీ బాబూ! ఇక్కడ నిలబడి చదివినందుకు నన్నూ లోపలేస్తారేమోనని నా గుండె కొట్టుకుంటోంది. చెయ్యి పెట్టి చూడండి!"

మల్లికార్జునరావు పెట్టి చూశాడు. పందెం కోడి రెక్కల్లా కొట్టుకుంటోంది. మూట చంకన పెట్టుకుని లేచిపోయాడు. సారా దుకాణం వాడు అప్పటికే వీధి మలుపులో ఉన్నాడు.

వాళ్ళు పోతే పోయారు, భయం మాత్రం లంకలో ఉండిపోయింది. మాణిక్యమ్మ ఆ నోట్లను ఉప్పుకుండలో దాచి నెల్లాళ్ళు ముట్టుకోలేదు. తాటాకు కొందామా అంటే, గాలివాన మూడొందల తాటిచెట్లు పడగొట్టిపోయింది. ఆకు కాళ్ళకు అడ్డం పడుతోంది, మోసుకున్నవాడికి మోసుకున్నంత. పైసా ఖర్చులేకుండా ఇల్లు కప్పుకుంది. కానీ చేలల్లోకి ఉప్పునీళ్ళెక్కాయి. ఏడాదిదాకా కూలి లేదు. నెత్తి మీద కప్పుంది, పొయ్యి మీద ఎసరు లేదు. ఉప్పుకుండలో యాభై రూపాయలు పెట్టుకుని పస్తులుండటం ఆమెవల్ల కాలేదు.

ఒకనాడు అవనిగడ్డ సంతలో రెండు మేకలు కొంది. ఒకటి చూడిది, రెండు వారాల్లో ఈనేలా ఉంది. తీరా తిరుగు పడవ ఎక్కితే, ఎదురుగా రెండు బుర్రలతో కరణంగారు!

"మాణిక్యమ్మా, అవేమిటే?"

ఆమె మేకల్ని తన వెనక్కి లాక్కుంది. "మేకలండీ."

"నాకు మేకలు కనపడటం లేదు. నాకు చత్వారం!" అని ఆయన మొహం తిప్పేసుకున్నారు. ఎన్నడూ నీళ్ళవంక చూడని మనిషి, అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళనే చూస్తూ కూర్చున్నారు.

పదిరోజులకు పిడుగులాంటి కబురొచ్చింది. రిలీఫు డబ్బు ఏమైందో ఇంటింటికీ తిరిగి చూడటానికి గురువారం ఆఫీసరు వస్తున్నాడట. మాణిక్యమ్మకు అన్నం సయించలేదు. మేకల్ని తోలుకుపోతారు, తనను బందరు జైలుకు తోలుకుపోతారు, ముసలి అత్తకు గంజి ఎవరు పోస్తారు? పరుగున కరణంగారింటికి వెళితే అక్కడ అప్పటికే సగం ఊరుంది.

"కొంప మునిగింది!" అంటున్నారు కరణంగారు, స్తంభాన్ని కావలించుకుని. "ఎవరెవరు ఏం కొన్నారో దాచెయ్యండి!"

అమ్మాజీ ఏడుపు అందుకుంది. గాలివానలో పిల్లలు దక్కితే మోపిదేవిలో చెవులు కుట్టిస్తానని మొక్కుకుంది. డబ్బు రాగానే ముగ్గురికీ కుట్టించింది. "కుట్టిన చెవులు ఎక్కడ దాచనండీ కరణంగారూ?"

"తలగుడ్డలు చుట్టు!"

"పడవకి కొత్త పలకలు వేయించానండీ" అన్నాడు వెంకటస్వామి.

"పడవ దాచెయ్!"

"దాస్తే ఆఫీసరు ఎలా వస్తాడండీ?"

కరణంగారు ఆలోచించి, ఇంకాస్త వణికి, "అయితే బురద పూసి పాతదిలా చెయ్" అన్నారు. తర్వాత మాణిక్యమ్మవైపు తిరిగి, "నాకు కనపడనివి నీ దగ్గర ఏమున్నాయో అవి తెచ్చి మా పిడకల గదిలో కట్టెయ్. కరణం ఇల్లు ఎవడు సోదా చేస్తాడు?" అన్నారు.

భేషైన ఆలోచన అన్నారందరూ. లంకకు వచ్చిన ఏ ఆఫీసరైనా మధ్యాహ్నం భోంచేసేది కరణంగారింట్లోనే. ఇన్ని తలకాయల్లో ఒక్కదానికైనా ఆ సంగతి తట్టలేదు చూడండి!

గురువారం ఈశ్వరప్రసాద్ అనే కుర్ర ఆఫీసరు పడవెక్కాడు. "పడవ గట్టిగా ఉందే" అంటే, "లేదండీ, ఒకటే కారుతుందండీ" అన్నాడు వెంకటస్వామి. పాపం ఆయన ఒడ్డు చేరేదాకా పడవ అంచు వదల్లేదు. ఊళ్ళో ఇళ్ళన్నీ చూశాడు. అమ్మాజీ పిల్లలు ఎర్రటి ఎండలో తలగుడ్డలతో చెమటలు కక్కుతున్నారు.

"వీళ్ళకేమైంది?"

"జలుబండీ" అన్నారు కరణంగారు.

"ముగ్గురికీనా?"

"అంటుజలుబండీ. దగ్గరికెళ్ళకండి."

అన్నీ చూసుకుని, భోజనానికి కరణంగారింటికే వచ్చాడు. అప్పటికి పిడకల గదిలో మాణిక్యమ్మ చూడిమేక తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానికి నొప్పులు మొదలయ్యాయి. తడికె అవతలే విస్తరి వేసిన చప్పుడు. ఆమె మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కింది, మేక మూతి నిమిరింది, "అరవకే తల్లీ, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలింది. కాన్పు నొప్పి ఎవరి మాట వింటుంది? "మ్యే..." అంది మేక.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు ఆఫీసరు.

"మా ఆవిడండీ. దగ్గు."

సరిగ్గా అప్పుడే భ్రమరాంబగారు నేతిగిన్నెతో వచ్చి వడ్డించింది.

"ఆవిడ ఇక్కడే ఉన్నారే!"

"దగ్గు అక్కడే ఉండిపోయిందండీ" అన్నారు కరణంగారు.

అంతలో సన్నటి గొంతుతో ఇంకో దగ్గు వినిపించింది. మేక ఈనింది. ఆఫీసరు చెయ్యి కడుక్కుని నేరుగా వచ్చి పిడకల గది తలుపు తోశాడు. మాణిక్యమ్మ తడిపిల్లను గుండెకు అదుముకుని ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"నన్ను తీసుకుపోండి బాబూ! దీన్ని తల్లినించి విడదీయకండి!"

ఆమెకూ ఆఫీసరుకూ మధ్యకు ఎవరో వచ్చి నిలబడ్డారు. కాళ్ళు చూస్తే తెలిసింది. ఆ లంకలో అలా వణికే కాళ్ళు ఇంకెవరికీ లేవు.

"మాణిక్యమ్మ తప్పేం లేదండీ. నేనే కొనమన్నాను. చెవులూ నేనే కుట్టించమన్నాను, పలకలూ నేనే వేయించమన్నాను. ఆకు ఊరికే దొరుకుతుంటే డబ్బుపోసి ఆకు కొనమంటే ఎలాగండీ? జైలంటే నన్ను వెయ్యండి. అయితే కిందగదిలో వెయ్యండి, మేడమీదైతే నాకు కళ్ళు తిరుగుతాయి."

మాణిక్యమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆయన కొనమన్నదెప్పుడు? చత్వారం అన్నాడు గాని!

ఆఫీసరు సంచిలోంచి ఆర్డరు తీశాడు. "జైలెక్కడుందండీ ఇందులో? ఇళ్ళు పోయినవాళ్ళకు సాయం అని నాలుగు లైన్లున్నాయి. ఏం కొనాలో కూడా రాయలేదు. డబ్బు వీళ్ళకే అందిందా, మధ్యలో ఎవరైనా మింగారా అని చూడటానికి వచ్చాను. పక్క లంకలో సగం డబ్బు ఆరోజే అప్పులవాళ్ళ చేతికి పోయింది. ఇక్కడ ఒక్క ఇంట్లోనూ పోలేదు. ఇంతకీ ఈ జైలు కట్టించిందెవరు?"

కరణంగారు నేలచూపులు చూశారు. "చిత్తం. నేనేనండీ."

మాణిక్యమ్మకు బడి అరుగూ, మూట చంకన పెట్టుకుని పారిపోయిన మల్లికార్జునరావూ గుర్తొచ్చారు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మరి మమ్మల్నెందుకు హడలగొట్టారండీ?"

"మీరు నిజంగా హడలితేనే కదే ఆ మల్లికార్జునరావు నమ్మేది! నాటకాలాడటం మీకెవరికి వచ్చు?"

"బాగుంది. జైలు లేదని తెలిసిన మీరెందుకండీ ఇంతలా వణికారు?" అన్నాడు ఆఫీసరు.

"అదేనండీ నా ఖర్మ. రోజూ చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరిపోయింది" అన్నారు కరణంగారు, చెమట తుడుచుకుంటూ.

డబ్బు అందిందనీ, ఇళ్ళు కప్పుకున్నారనీ ఆఫీసరు రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మాణిక్యమ్మ రోజూ అవనిగడ్డ కాఫీహోటలుకు మేకపాలు పోసి రావడం మొదలుపెట్టింది. ఒకనాడు పడవ నడిపాయలో ఉండగా గాలి లేచింది. నీళ్ళు నల్లబడ్డాయి. కార్తీకంలో విన్న చప్పుడే మళ్ళీ చెవుల్లో పడింది. ఆమె చేతులు చల్లబడ్డాయి, పాలచెంబు జారబోయింది. ఎదురుగా కూర్చున్న కరణంగారు నడుం దగ్గర ముడి విప్పి, ఒక బుర్ర ఆమె ముందుకు జరిపారు.

"కట్టుకో. ముడి గట్టిగా వెయ్."

"ఇది మొదటిది పగిలినప్పటికని ఉంచుకున్నది కదండీ?"

"పగలడమేమిటే! అది ఎప్పుడూ పక్కన కూర్చున్నవాళ్ళకే."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ముందే చెబితే అందరూ జడుసుకోరూ? పడవకి ఒక్కడు భయపడితే చాలు. ఆ ఒక్కణ్ణీ నేనున్నానుగా!"

మాణిక్యమ్మ బుర్ర కట్టుకుంది. గాలి అలాగే ఉంది గాని, ఆమె చేతుల్లోకి వేడి వచ్చింది. ఒడ్డు దగ్గర పడుతుండగా నవ్వుతూ అడిగింది. "మీకొకటి, నాకొకటి. మరి వెంకటస్వామికండీ?"

కరణంగారి మొహం పాలిపోయింది. "వాడికి ఈతొచ్చు కదే! రాదంటావా? ఒరే వెంకటస్వామీ, నీకు ఈతొచ్చా?"

"వచ్చండీ!" అన్నాడు వెంకటస్వామి. కానీ గాలిలో ఆ మాట ఆయనకు గట్టిగా వినపడలేదు కాబోలు, మర్నాడు పాండురంగారావు గారు మూడు సొరబుర్రలతో రేవుకు వచ్చారు.