వరుస తప్పిన పలకలు

మా మరిది బుధవారం పొద్దున పోయాడు. పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే రిక్షాలోనే ప్రాణం పోయింది. మధ్యాహ్నానికల్లా అతను లెక్కలు చెప్పిన బడిలో సంతాప సభ పెట్టి, గణిత మేధావి అన్నారట. బతికుండగా ఆ నోళ్లే ఏమన్నాయో నాకు గుర్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

తనూ ఒకటీ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనిదాన్ని ప్రధాన సంఖ్య అంటారు. రెండును ఐదువందల ఇరవై ఒక్కసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అలాంటిదేనా అని తేల్చడానికి అతను కూర్చున్నాడు. దానికొక పరీక్ష ఉంది. నాలుగుతో మొదలుపెట్టి, చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, రెండు తీసేసి, మళ్లీ ఆ పెద్ద సంఖ్యతో భాగించాలి. మిగిలిన శేషంతో తర్వాతి మెట్టు. ఆఖరి మెట్టులో సున్న వస్తే ప్రధాన సంఖ్యే. ఏళ్లు పట్టే పని.

గుణకారాలు వరండాలో పరిచిన షాబాదు బండల మీద సుద్దముక్కతో చేసేవాడు. నూట యాభైకి పైగా అంకెల శేషం ఒక్క పలకలో పట్టదు కాబట్టి, దాన్ని ముక్కలుగా పలకల మీద రాసి, గోడకు వరుసగా ఆనించి, ఏది ఎన్నోదో వెనక అంకె వేసేవాడు. ప్రతి మెట్టునూ నేను సరిచూసేదాన్ని, అంకెలు కూడి తొమ్మిదులు తీసేసే బడి పద్ధతిలో. అన్నానికి పిలిస్తే "జర ఆగు వదినా, చేతిల ఏడున్నది" అనేవాడు. ఆ ఏడు చల్లారదు, అన్నం చల్లారుతదని కసిరేదాన్ని.

ఆఖరికి సున్న రాలేదు. ఇది ప్రధాన సంఖ్య కాదని ఉపాధ్యాయుల సమావేశంలో చెప్పాడు. కొన్నాళ్లకు పట్నం పత్రికలో పడింది: విదేశంలో ఒక లెక్కల యంత్రం ఎప్పుడో, నిమిషాల్లోనే, అది ప్రధాన సంఖ్య అని తేల్చిందట. "సారూ, మీ పలకలను గూడ కరెంటుకు తగిలియ్యరాదు?" అని పెద్దసారు అంటే అందరూ నవ్వారు.

ఆ సంగతి పక్కింటామెతో చెప్పుకున్నాను.

"మీ పలకలకు మేమేం చేయలే పెద్దమ్మా. బతుకమ్మ పేర్చిననాడు మీరు ఊర్ల లేకుంటిరి. వరండాల జాగా లేదని మేమే తీసి, మల్ల గట్లనే పెట్టినం. ఒక్కటి గూడ పగలలె."

తంగేడు పూల తడి చేతులు. ఆనాడు మేం తిరిగొచ్చేసరికి వెనక అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. వానజల్లు అనుకుని, పలకలు ఉన్న వరుసలోనే అతను మళ్లీ అంకెలు వేసుకున్నాడు. రెండు పలకలు తారుమారైతే కూడిక మారదు. నా పరీక్షకు ఆ తప్పు దొరకదు.

మరిదికి ఇదంతా చెప్పాను. "ఆమెకు చెప్పకు వదినా" అని మాత్రం అన్నాడు. మర్నాడు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాడు. యంత్రం చెప్పినంక నీకెందుకని అడిగాను.

"మిషిన్‌కు వచ్చిన సున్న నాకు రావద్దా?"

రాలేదు. సగం గుణకారం బండల మీదే ఉండగా పోయాడు. శవం లేవగానే ఇల్లు కడగాలి కదా, పక్కింటి ఆడవాళ్లే బిందెలతో వచ్చారు. మూలమూలా శ్రద్ధగా కడిగారు. తెల్లటి నీళ్లు వరండా దిగి, అతన్ని మోసుకుపోయిన దారినే కొంతదూరం పోయి, మట్టిలో ఇంకిపోయాయి.