కుడివైపు నుంచి పిలుపు

గిలకలదిండిలో వలలు ఆరే వీధిలో రోజా ఇల్లు. నెలల కొడుకు ఆమె రొమ్ము అందుకుని, రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తాడు. పక్క వాటాలోంచి తోడికోడలు గంగాదేవి పరుగున వస్తుంది. ఆమెకూ చంటిపిల్ల ఉంది, పాలున్నాయి. ఆ ఒళ్ళో వాడు గుటకలు వేస్తూ తాగి నిద్రపోతాడు.

“నీ పాలు ఉప్పగా ఉన్నాయేమోనే!” అని అత్త పెద్దింట్లమ్మ నవ్వేది.

“ఊరుకో అత్తా, అది ఏడుస్తుంది,” అనేది గంగాదేవి. ఆ జాలికి రోజా ఒళ్ళు మండేది. కొడుకు బుగ్గల నునుపు చూసినా అసూయే. అది తను పెట్టిన నునుపు కాదు.

ఒక మధ్యాహ్నం గంగాదేవి చేపలమ్మడానికి బందరు వెళ్ళింది. ఆమె విడిచిన చీరను దండెం మీంచి తీసి రోజా కట్టుకుంది, వాసనకైనా మోసపోతాడని. వాడు మోసపోలేదు. ఆ చీరలోనే తల్లీ బిడ్డా ఏడ్చారు.

అప్పటినుంచి తోడికోడలు పాలిస్తుంటే రోజా దొంగచూపులు చూసేది. కుట్టే కన్నుకు అన్నీ కనిపిస్తాయి. గంగాదేవిది ఎడమచేతి వాటం. జోకొట్టడానికి ఆ చెయ్యి వదిలి, బిడ్డ తలను కుడి మోచేతి మీద పెట్టుకుంటుంది. రోజాకేమో కాన్పు కొత్తలో కుడి రొమ్ము పుండుపడి, మానాక కూడా ఎడమవైపే అలవాటైపోయింది.

తలుపేసుకుని వాడి తలను కుడిచేతి మీదికి మార్చింది. తాగాడు. కడుపు నిండా తాగాడు.

మరి ఎడమవైపు ఎందుకు తాగడు? ఆ భయంతోనే బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ వాడి మెడ నిమిరి చూసింది. “కుడిపక్క కండరం బిగుసుకుందమ్మా. అందుకే మొహం ఎడమకే తిప్పుతున్నాడు. నీ ఎడమచేతి మీద ఉంటే పాలకోసం కుడికి తిరగాలి. తిరగలేక వదిలేస్తున్నాడు. అంతేగానీ నీ మీద అలక కాదు.” మెల్లగా చేయించే వ్యాయామం చూపించి, గట్టిగా లాగొద్దంది. “కుడివైపు నుంచి పిలుస్తుండు. వాడికి బాగా ఇష్టమైన గొంతు ఎవరిది?”

రోజా వాణ్ణి భుజానికెత్తుకుని లేచింది. ఆటోలో దారి పొడుగునా ఆ ప్రశ్న గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

తనే పిలిచింది, రోజూ. వాడి కళ్ళు తిరిగేవి. మెడ తిరిగేది కాదు. వాకిట్లో గంగాదేవి మాట వినిపిస్తే మాత్రం గడ్డం కాస్త కదిలేది. అది చూసి రోజా తలుపు మూసేసేది. ఒకరోజు నూనె రాస్తుంటే చేతికి తెలిసింది: ఒకే పక్క ఆనీ ఆనీ, వాడి తల వెనక చదునవుతోంది.

తలుపు తీసింది. “అక్కా, ఒకసారి రా.”

“పాలకా?” గంగాదేవి మొహం విచ్చుకుంది. “చేపుకొచ్చి చస్తున్నానే!”

“పాలు నేనిస్తా. నా వెనక, వాడికి కుడివైపున కూచుని వాణ్ణి పిలు.”

గంగాదేవి చిన్నబోయింది. అయినా కూచుంది. “ఏరా, నా బంగారు బొమ్మిడాయా!”

రోజా ఎడమచేతి మీద ఉన్నవాడు విన్నాడు. పడవ ఒడ్డువైపు మళ్ళినట్టు ఆ చిన్న గడ్డం కొద్దికొద్దిగా కుడికి మళ్ళింది. గొంతు వెతుక్కుంటూ వచ్చిన నోటికి రోజా రొమ్ము తగిలింది. పట్టుకున్నాడు.

తన భుజం మీదుగా వాడు చూస్తున్నది ఎవరినో రోజాకు తెలుసు.

“ఆపకక్కా,” అంది పళ్ళు బిగించి. “పిలు.”